డిశ్చార్జి కార్డులో మూడక్షరాలు: 39 ఏళ్లకే కుంగిన వెన్నుపూసలు

పేషెంట్ వయసు 39. గుంటూరు పక్కన పల్లెటూరు. మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. సీజన్లో పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పట్టా పరుచుకుని నేలమీద కూర్చుని చేసే పని అది. ఫిబ్రవరిలో ఒకరోజు, తొడిమ తీసిన కాయల గంపను ఎత్తి పక్కన పెట్టబోతుంటే వీపు కింది భాగంలో 'టక్కు'మంది. మాట ఆమెదే. గంప బరువు మహా అయితే పది కిలోలు. కూలి పోతుందని ఆ పూట పని పూర్తిచేసే ఇంటికెళ్లింది. మర్నాడు మంచం మీంచి లేవలేకపోయింది.

నా దగ్గరికి వచ్చేసరికి ఆరు వారాలు గడిచాయి. ఈలోపు ఊళ్లో ఆర్‌ఎంపీ నాలుగు ఇంజెక్షన్లు చేశాడు, ఎవరో నడుం బెల్టు కొనిపించారు, కాల్షియం మాత్రలు రెండు డబ్బాలు అయిపోయాయి. చివరికి ఒక ఆర్థోపెడిక్ మిత్రుడు ఎక్స్‌రే తీయిస్తే నడుముకి కాస్త పైన ఉండే డీ12, ఎల్1 వెన్నుపూసలు రెండూ ముందువైపు కుంగిపోయి, పక్కనుంచి చూస్తే తలుపు కింద దోపే చెక్కముక్కల్లా ఉన్నాయి. ఆయన చీటీ మీద ఒక్క ముక్క రాసి నాకు పంపారు: "ఈ వయసులో ఎందుకు?"

తోడుగా తల్లి వచ్చింది. ఆవిడకి అరవై. తల్లి నిటారుగా నడిచి లోపలికొచ్చింది, కూతురు గోడ పట్టుకుని. ఎండోక్రైనాలజీ (హార్మోన్ల విభాగం) ఓపీలో కూర్చుని ఎముకలు చూసే నాలాంటివాళ్లకి ఆ క్షణంలోనే సగం కథ తెలియాలి. నాకు తెలియలేదు. ముందు టీబీ గుర్తొచ్చింది, మన దేశంలో వెన్నుపూస కుంగితే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది అదే.

దారి చూపించింది ఆమె చీర. "ఈమధ్య చీర పొడుగైనట్టుంది మేడంగారూ, కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడుతున్నాయి" అంది, నొప్పి గురించి చెబుతూ చెబుతూ. చీర పొడుగవ్వదు, మనిషి పొట్టవుతుంది. ఎత్తు కొలిస్తే 149.5 సెంటీమీటర్లు. పాత కొలత ఏదైనా దొరుకుతుందేమోనని, ఇంట్లో ఉన్న ఆస్పత్రి కాగితాలన్నీ తెమ్మన్నాను.

రెండోసారి వచ్చినప్పుడు పాలిథీన్ కవరులో ఒక డిశ్చార్జి కార్డు తెచ్చింది. 12 ఏళ్ల నాటిది. ఎత్తు 153 అని ఉంది. దాని కింద, ఆపరేషన్ పేరు రాసే గీత మీద: 'టీఏహెచ్ విత్ బీఎస్ఓ'. మొదటి మూడక్షరాలకి అర్థం గర్భసంచి తీసేశారని. అది ఆమెకి తెలుసు. చివరి మూడక్షరాలకి అర్థం రెండు ట్యూబులూ, రెండు అండాశయాలూ కూడా తీసేశారని. అది ఆమెకి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు.

పదహారేళ్లకి పెళ్లి, ఇరవై నిండేసరికి ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లల ఆపరేషన్. 27 ఏళ్లప్పుడు తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి అని ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్తే, స్కాన్ తీసి, గర్భసంచికి పుండు ఉంది, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారట. బయాప్సీ రిపోర్టు కవరులో లేదు. తెల్లబట్టకి మాత్రలతో పోయే కారణాలే ఎక్కువ. ఇది ఈ ఒక్కామె గొడవ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 8 శాతం దాటారు. వాళ్లలో ఎంతమందికి అండాశయాలు కూడా పోయాయో వాళ్ల కార్డులు తిరగేస్తే తప్ప తెలియదు. 'పెద్దాపరేషన్ అయింది' అని చెప్పే ప్రతి పేషెంట్‌నీ ఇప్పుడు నేను అడిగే రెండో ప్రశ్న అదే.

ఆపరేషన్ అయిన రెండు వారాలకే ఒంట్లోంచి ఆవిర్లు మొదలయ్యాయట. పుష్యమాసం చలిలో కూడా రాత్రిళ్లు జాకెట్టు తడిసిపోయేది. నిద్ర లేదు. అడిగితే ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు టెన్షన్ అన్నారు. రెండు మూడేళ్లకి అవి తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు.

పరీక్షలు త్వరగా చెప్పేస్తాను. ఎమ్మారైలో డిస్కులు చెక్కుచెదరలేదు, చీము లేదు, కాబట్టి టీబీ కాదు. ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ మామూలుగా ఉంది, అంటే మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ లేదు. థైరాయిడ్, కార్టిసాల్, కిడ్నీ, సీలియాక్ పరీక్ష, అన్నీ సరే. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చనే అనుమానంతో కార్టిసాల్ చూడటం మన దగ్గర తప్పనిసరి. కాల్షియం 9.1, విటమిన్ డి 14 నానోగ్రాములు, ఎముకలోంచి కాల్షియం లాగే హార్మోను పీటీహెచ్ 78, కొంచెం ఎక్కువ. అండాశయాలను పనిచేయమని తరిమే హార్మోను ఎఫ్‌ఎస్‌హెచ్ 84, బాగా ఎక్కువ. అండాశయాలు తయారుచేసే ముఖ్యమైన ఈస్ట్రోజన్, ఎస్ట్రడయాల్, యంత్రం కొలవగలిగినంత కూడా లేదు. ఎముక అరుగుదలను చూపించే సీటీఎక్స్ 0.92, ముట్లు వచ్చే వయసులో సాధారణంగా 0.6 లోపు ఉండాల్సింది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్ను టి స్కోర్ (ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 3.9, తుంటి మెడ దగ్గర మైనస్ 2.7. కుంగిన ఎల్1ని లెక్కలోంచి తీసేయించాను, ఎందుకంటే నలిగిన పూస చిక్కగా కనిపించి అంకెను అబద్ధంగా పెంచుతుంది. ప్రకాశం, నల్లగొండ వైపు పేషెంటైతే ఇంకో మోసం కూడా ఉంది: ఫ్లోరోసిస్‌లో డెక్సా అంకె బాగుంటుంది, ఎముక బాగుండదు.

విటమిన్ డి 14 అని చూడగానే చాలామంది అక్కడితో ఆగిపోతారు. మన ఊళ్లల్లో వంద మందికి చేస్తే ఎక్కువమందిలో తక్కువే వస్తుంది. తల్లికి కూడా చేయించాను, ఆవిడకి 16. ఇద్దరూ తినేది ఒకే వంట, తిరిగేది ఒకే ఎండ. డి లోపం కూతురి ఎముకకి హాని చేసింది, సందేహం లేదు. కానీ పూసలు కుంగింది దానివల్లే అయితే తల్లి కూడా గోడ పట్టుకునే రావాలి.

తల్లికి ముట్లు ఆగింది 48లో. అంటే ఆవిడా 12 ఏళ్లుగా ఈస్ట్రోజన్ తగ్గిన శరీరంతోనే ఉంది. కూతురూ 12 ఏళ్లే. ఒక్క తల్లీకూతుళ్ల జంటని చూసి సిద్ధాంతం కట్టకూడదు. అయినా తేడాలు చెప్పుకోవాలి. మామూలు మెనోపాజ్‌లో హార్మోను కొన్నేళ్లపాటు ఎగుడుదిగుడుగా తగ్గుతూ పోతుంది. ఆపరేషన్‌లో ఒక్క పూటలో పడిపోతుంది. పైగా తల్లికి 20 నుంచి 48 దాకా ఎముకను కాపాడుకున్న ఏళ్లు ఉన్నాయి. కూతురికి కట్టుకున్న ఎముకను అనుభవించడానికి ఏడేళ్లు కూడా దక్కలేదు.

ఇక్కడ కొంచెం లోపలికి వెళ్లాలి. ఎముక అంటే గోడలో పెట్టిన రాయి అనుకుంటాం. నిజానికి అది ఎప్పుడూ తవ్వకాలు నడుస్తుండే రోడ్డు లాంటిది. ఆస్టియోక్లాస్ట్‌లు పాత ఎముకను మూడు వారాల్లో తవ్వి వెళ్లిపోతాయి. ఆస్టియోబ్లాస్ట్‌లు ఆ గుంటను పూడ్చడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తవ్వడం వేగం, పూడ్చడం నిదానం. ఎన్నిచోట్ల తవ్వాలి, తవ్వేవాళ్లు ఎన్నాళ్లు ఉండాలి అన్నదాన్ని అదుపులో పెట్టేవాటిలో ఈస్ట్రోజన్ ముఖ్యం. అది పోతే ఒకేసారి నూరు చోట్ల తవ్వకం మొదలవుతుంది, పూడ్చే పని వెనకబడుతుంది.

అదుపు ఎలా జరుగుతుంది? ఆస్టియోక్లాస్ట్ పుట్టాలన్నా బతకాలన్నా ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీన్ వచ్చి దానికి తగలాలి. ఆ ర్యాంక్‌ఎల్‌ని పంపేది పూడ్చే వంశపు కణాలు, ఎముకలో చిక్కుకుని ఉండిపోయిన ఆస్టియోసైట్లు. ఆస్టియోప్రొటెజెరిన్ అనే ఇంకో ప్రోటీన్ దారిలో నిలబడి ర్యాంక్‌ఎల్‌ని పట్టేసుకుంటుంది. ఈస్ట్రోజన్ మొదటిదాన్ని తగ్గిస్తుంది, రెండోదాన్ని పెంచుతుంది. రక్షణ వ్యవస్థలోని టి కణాలు విడిచే టీఎన్ఎఫ్ లాంటి మంటపెట్టే పదార్థాలనూ అణచి ఉంచుతుంది. తవ్వే కణాల మీద నేరుగా కూడా పనిచేసి వాటిని తొందరగా చచ్చిపోయేలా చేస్తుంది. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు ఒక్క ఆస్టియోక్లాస్ట్‌లలోనే ఈస్ట్రోజన్ రిసెప్టర్ ఆల్ఫాని (ఈస్ట్రోజన్ వచ్చి అతుక్కునే ప్రోటీన్‌ని) తీసేసిన ఎలుకలను తయారుచేస్తే, ఆడ ఎలుకల్లో స్పంజిలాంటి లోపలి ఎముక పలచబడింది. మగవాటిలో పడలేదు.

స్పంజి ఎముక అన్నాను కదా, ఈమె కేసంతా అందులోనే ఉంది. వెన్నుపూస లోపల సన్నటి అడ్డుపట్టీలు, నిలువుపట్టీలు అల్లుకుని ఉంటాయి. తవ్వకం ఎక్కువైతే అడ్డుపట్టీలు ముందు తెగుతాయి. పందిట్లో అడ్డవాసాలు తీసేస్తే నిట్రాళ్లు నిలబడే ఉంటాయి, కానీ పైన ఒక్క గంప పెడితే పక్కకి ఒరుగుతాయి. పలచబడ్డ పట్టీని మందుతో మందం చేయగలం. తెగిపోయినదాన్ని మళ్లీ అతికించలేం. 27లోనే ఎవరో ఆ కార్డు చదివి ఉంటే అని నేను అనుకునేది అందుకే.

మా జూనియర్ డాక్టరు ఇక్కడ మంచి ప్రశ్న వేశాడు. "మరి మగవాళ్లకి అండాశయాలే లేవు కదా మేడం, వాళ్ల ఎముకలు టెస్టోస్టిరోన్ కాపాడుతుందా?" 1994 దాకా పుస్తకాల్లో దాదాపు అదే ఉండేది. ఆ ఏడాది అమెరికా నుంచి 28 ఏళ్ల మగవాడి కేసు ప్రచురించారు. ఎత్తు 204 సెంటీమీటర్లు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఎముక వయసు 15. టెస్టోస్టిరోన్ మామూలుగానే ఉంది, ఈస్ట్రోజన్ మామూలు కంటే ఎక్కువే ఉంది, అయినా ఎముకలు పలచన. కారణం, అతని రెండు జన్యు ప్రతుల్లోనూ రిసెప్టర్ ఆల్ఫా సగంలోనే తెగిపోయి తయారవుతోంది. ఈస్ట్రోజన్ మందుగా ఇచ్చినా శరీరం పలకలేదు. కొన్నాళ్లకి ఇంకోరకం మగ పేషెంట్లు బయటపడ్డారు. వాళ్లకి రిసెప్టర్ బాగానే ఉంది, టెస్టోస్టిరోన్‌ని ఈస్ట్రోజన్‌గా మార్చే అరోమటేజ్ అనే ఎంజైమ్ లేదు. 1997లో ఇటలీ డాక్టర్లు అలాంటి ఒకతనికి టెస్టోస్టిరోన్ ఇస్తే ఏమీ కాలేదు, ఈస్ట్రోజన్ ఇస్తే ఎముక చివర్లు మూసుకుని పెరుగుదల ఆగింది, ఎముక చిక్కబడింది. మగవాడి ఎముకకి కూడా కావలసింది ఆ చిటికెడు ఈస్ట్రోజనే అని ఆ ఇద్దరు పొడుగు మనుషులు చెప్పేశారు. మా జూనియర్ ఆ రోజంతా అరోమటేజ్ గురించే మాట్లాడాడు.

రిసెప్టర్ గురించి తాళం-తాళంచెవి పోలిక మెడికల్ కాలేజీ నుంచీ వింటున్నాం. అది సగమే నిజం. తాళంచెవి ఒకటే, తాళమూ ఒకటే అయితే అన్ని ఇళ్లల్లోనూ ఒకేలా తలుపు తెరుచుకోవాలి కదా. అలా జరగదు. నాకు జీవో పోలిక నచ్చుతుంది. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఒకే జీవో బయలుదేరుతుంది. అది ఒక్కో మండలాఫీసుకి చేరాక, అక్కడి మనుషుల్ని బట్టి అమలయ్యే తీరు మారిపోతుంది. ఈస్ట్రోజన్ కణంలోకి వెళ్లి రిసెప్టర్‌కి అతుక్కుంటుంది. రిసెప్టర్ చివరన పన్నెండో హెలిక్స్ అనే చిన్న భాగం మూతలాగా మడుచుకుంటుంది. అలా మడుచుకున్నాక ఏర్పడే గాడిలో సహాయ ప్రోటీన్లు వచ్చి కూర్చుని జన్యువుల్ని నడిపిస్తాయి. ఏ కణంలో ఏ సహాయకులు ఎక్కువ, ఏ అడ్డుకునేవాళ్లు ఎక్కువ అన్నది రొమ్ములో ఒకలా, గర్భసంచిలో ఒకలా, ఎముకలో ఒకలా ఉంటుంది. ఆపైన రిసెప్టర్లు రెండు రకాలు. ఆల్ఫా ముందునుంచీ తెలిసిందే. బీటాని 1996లో స్వీడన్‌లో యాన్-ఓకే గుస్తాఫ్‌సన్ బృందం ఎలుక ప్రోస్టేట్‌లో కనిపెట్టింది. ఎముకలో పెద్ద బరువు మోసేది ఆల్ఫానే.

1987లో క్రెయిగ్ జోర్డాన్ బృందం అండాశయాలు తీసేసిన ఎలుకలకి టమాక్సిఫెన్, కియోక్సిఫెన్ ఇచ్చి చూసింది. రెండూ రొమ్ములో ఈస్ట్రోజన్‌కి అడ్డుపడే మందులు. ఎముకనీ పాడుచేస్తాయని భయం. చూస్తే ఎముక నిలబడింది. అడ్డుపడాల్సిన మందే అక్కడ ఈస్ట్రోజన్ పని చేసింది. ఆ కియోక్సిఫెనే తర్వాత రాలోక్సిఫెన్ పేరుతో 1997లో అమెరికాలో ఆస్టియోపొరోసిస్ (ఎముకలు పలచబడే జబ్బు) నివారణకి అనుమతి పొందింది. ఆ మూత ఎలా మడుచుకుంటుందో, రాలోక్సిఫెన్ పొడుగు తోక దాన్ని ఎలా పక్కకి నెట్టేస్తుందో స్ఫటిక చిత్రాల్లో తేటగా కనిపించిందీ అదే ఏడాది. ఈ కుటుంబం మందులు మనకీ దూరం కాదు. ఏఎన్ఎంలు ఇచ్చే 'ఛాయ' గర్భనిరోధక మాత్రలోని ఆర్మెలోక్సిఫెన్ లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టింది. అదీ కొన్నిచోట్ల ఈస్ట్రోజన్ లాగా, కొన్నిచోట్ల దానికి ఎదురుగా పనిచేసేదే.

అందుకే మా జూనియర్ వెంటనే, "రాలోక్సిఫెన్ రాసేద్దామా మేడం, ఎముకకి మంచిది, రొమ్ముకీ భయం లేదు" అన్నాడు. పుస్తకం ప్రకారం తప్పేం లేదు. పేషెంట్ ప్రకారం తప్పు. 1999లో వెలువడిన 7,705 మంది స్త్రీల పరీక్షలో రాలోక్సిఫెన్ వెన్నుపూసల ఫ్రాక్చర్లని తగ్గించింది, తుంటి ఫ్రాక్చర్లని తగ్గించలేదు, సిరల్లో రక్తం గడ్డకట్టడాన్ని మూడింతలు చేసింది. ఆ స్త్రీలంతా ముట్లుడిగినవాళ్లు. ఈమెకి ఇంకా ఆవిర్లున్నాయి, రాలోక్సిఫెన్ వాటిని ఎక్కువ చేస్తుంది. మెదడులో వేడిని అదుపు చేసేచోట, యోనిలో అది ఈస్ట్రోజన్‌లాగా ఆదుకోదు. 39 ఏళ్లమ్మాయికి ఎముక ఒక్కటే కాదు కదా ఉన్నది.

ఎముక కాక మిగతావి ఏమేం దెబ్బతిన్నాయో ఆమె మూడోసారి వచ్చినప్పుడు చెప్పింది, అదీ తల్లి మందుల షాపుకి వెళ్లిన పది నిమిషాల్లో. రెండేళ్లుగా ఏటా మూడు నాలుగుసార్లు మూత్రంలో మంట, ప్రతిసారీ యాంటీబయాటిక్. మొగుడితో కలవడం నొప్పి, ఆ విషయంగా ఇంట్లో గొడవలు. ఈస్ట్రోజన్ లేకపోతే యోని పొర పలచబడి, అందులోని గ్లైకోజన్ తగ్గి, దాన్ని తిని బతికే లాక్టోబాసిల్లస్ పోయి, ఆమ్లం తగ్గి, పేగుల్లోని సూక్ష్మజీవులు మూత్రదారిలోకి ఎక్కుతాయి. ఐదుగురు డాక్టర్లు ఐదు యాంటీబయాటిక్స్ రాశారు. వెన్నుపూసలు కుంగడం, మూత్రంలో మంట, తడిసిన జాకెట్టు, ఇవన్నీ ఒకే ఖాళీ రిసెప్టర్ కథ అని ఎవరికీ తట్టలేదు. మొదటి రెండు విజిట్లలో నాకూ తట్టలేదు. నేను అడగలేదు.

వైద్యం ఏమిచ్చామంటే: విటమిన్ డి సాచెట్ 60,000 యూనిట్లు వారానికొకటి, ఎనిమిది వారాలు. కాల్షియం. రొమ్ము పరీక్ష, మామోగ్రామ్ సరిగ్గా ఉన్నాక ఎస్ట్రడయాల్ జెల్, రోజూ చేతికి రాసుకునేది. యోనికి ఎస్ట్రియోల్ క్రీమ్. గర్భసంచి లేదు కాబట్టి ప్రొజెస్టిరోన్ అక్కర్లేదు. ఉన్నవాళ్లకైతే లోపలి పొరని కాపాడటానికి అది తప్పనిసరి.

మాత్ర మాని జెల్ ఎందుకంటే, కాలేయంలో కూడా రిసెప్టర్ ఆల్ఫా ఉంది. మాత్ర మింగితే పేగునుంచి మందంతా ముందు కాలేయం మీదుగా వెళ్లాలి. అక్కడ అది రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లని, ట్రైగ్లిజరైడ్లని పెంచుతుంది. చర్మం దారిన వెళ్తే ఆ మొదటి దెబ్బ ఉండదు.

భర్త తర్వాతి వారం వచ్చాడు. ఫోన్‌లో చూసుకొచ్చాడు. "ఈ హార్మోన్ వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తదంట గదండీ." అడగాల్సిన ప్రశ్నే. భయానికి మూలం 2002లో ఆపేసిన అమెరికా పరీక్ష. 16,608 మంది స్త్రీలు, సగటు వయసు 63, ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టిన్ (ప్రొజెస్టిరోన్ లాంటి మందు) కలిపిన మాత్ర. రొమ్ము క్యాన్సర్ కొంత పెరిగింది, పక్షవాతం పెరిగింది, తుంటి ఫ్రాక్చర్లు మూడోవంతు తగ్గాయి. అదే పరిశోధనలో గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఒక్క ఈస్ట్రోజనే ఇస్తే రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. "అరవై దాటినవాళ్లకి కొత్తగా హార్మోన్ ఇవ్వడం వేరు, ముప్పై తొమ్మిదేళ్లకి ఉండాల్సినది లేకపోతే దాన్ని పూడ్చడం వేరు" అని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మా అత్తకి వాడకూడదు, ఈమెకి వాడాలి" అన్నాడు. నేను పది నిమిషాలు చెప్పినదానికన్నా అదే బాగుంది.

రెండు పూసలు కుంగాక ఈస్ట్రోజన్ ఒక్కటీ చాలుతుందా అన్నది ఆర్థో మిత్రుడికీ నాకూ మధ్య వాదన. టెరిపరటైడ్ ఇంజెక్షన్లు రోజూ రెండేళ్లు ఇస్తే ఎముక కట్టే మందు కాబట్టి అదే మొదటి ఎంపిక, కానీ ఖర్చు వాళ్లవల్ల కాదు. ఆయన డెనోసుమాబ్ అన్నారు, ఆరు నెలలకొకటి. అది ర్యాంక్‌ఎల్‌నే పట్టేసే మందు, బాగా పనిచేస్తుంది. కానీ ఒక్క డోసు ఆలస్యమైనా అణిగిన తవ్వకాలన్నీ ఒక్కసారి లేచి, కొత్తగా వెన్నుపూసలు వరసగా కుంగినవాళ్లని చూశాం. మిర్చి సీజన్లో ఆస్పత్రి గుర్తుండని మనిషికి నేనది రాయను. తవ్వకాన్ని అణిచే ఇంకో మందు, ఏడాదికొక్క జోలెడ్రోనిక్ యాసిడ్ (జోలెడ్రోనేట్) సెలైన్‌తో సరిపెట్టాం.

సెలైన్ పెట్టేముందు, పది వారాలకి, సీటీఎక్స్ మళ్లీ చేయించాను. 0.92 నుంచి 0.54కి దిగింది. ఎస్ట్రడయాల్ 58 పీకోగ్రాములు, విటమిన్ డి 36. ఇది జెల్ ఒక్కదాని ఘనతే అనలేను. డి కూడా నిండింది, పాత ఫ్రాక్చరూ మానుతోంది. అయినా జోలెడ్రోనేట్ చుక్క పడకముందే తవ్వకం తగ్గిందన్నది నాకు విలువైన సంగతి. ఒకసారి సెలైన్ ఎక్కాక ఏది దేనివల్లో చెప్పలేం.

సెలైన్ ఎక్కించిన రాత్రి ఆమెకి 102 జ్వరం, ఒళ్లంతా నొప్పులు. మొదటి డోసుకి చాలామందికి వస్తుంది, పారాసెటమాల్‌తో రెండు రోజుల్లో పోతుంది. చీటీలో రాశాను, నోటితో చెప్పలేదు. చీటీ ఎవరు చదువుతారు? ఊళ్లో టైఫాయిడ్ అని మూడు రోజులు ఇంజెక్షన్లు చేయించుకున్నారు. అప్పటినుంచి ఈ ఒక్క విషయం తోడొచ్చినవాళ్ల చేత తిరిగి చెప్పించుకున్నాకే సెలైన్ పెట్టిస్తున్నాను.

ఆరు నెలలకి నిద్ర పట్టింది, ఆవిర్లు పోయాయి. మూత్రంలో మంట ఒక్కసారి కూడా రాలేదు. నొప్పి బెల్టు లేకుండా తిరిగేంత తగ్గింది.

పద్నాలుగు నెలలకి డెక్సా. వెన్ను సాంద్రత 8 శాతం పెరిగింది, టి స్కోర్ మైనస్ 3.4. తుంటి మైనస్ 2.7 నుంచి 2.6కి, అంటే యంత్రం పొరపాటు పరిధిలోనే. కొత్త ఫ్రాక్చర్ లేదు. బాగానే ఉంది కదా అని ఫైలు మూయబోతూ ఎస్ట్రడయాల్ చూశాను: 19. ఆవిర్లు మళ్లీ వస్తున్నాయా అంటే తల దించుకుంది. నెలకి రావాల్సిన జెల్ రెండు నెలలు వచ్చేలా సగం సగం రాసుకుంటోందట. పిల్ల కాలేజీ ఫీజు కట్టాలి. ఆవిర్లు తగ్గడానికి సగం డోసు చాలింది, అందుకే బయటికి తెలియలేదు. ఆవిర్లకి చాలినది ఎముకకి చాలుతుందన్న పూచీ లేదు.

ఖరీదైన మంచి మందు సగం వాడటం కన్నా చవకైనది పూర్తిగా వాడటం మేలు. ట్రైగ్లిజరైడ్లు 118, బీపీ మామూలు, ఆమెకి గానీ ఇంట్లో గానీ కాళ్లల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర లేదు. కాలేయం సంగతి తెలిసీ ఎస్ట్రడయాల్ మాత్రకి మార్చాను, రోజుకి 2 మిల్లీగ్రాములు. ఒక పిక్క వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్ర ఆపి వెంటనే రమ్మన్నాను. ఎప్పుడైనా ఆపరేషన్ చేయించుకోవాల్సి వస్తే ముందే చెప్పమన్నాను. ఈసారి చీటీలో రాయడంతో సరిపెట్టకుండా, తల్లి చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. మూడు నెలలకి ఎస్ట్రడయాల్, ట్రైగ్లిజరైడ్లు చూడాలి. రెండో జోలెడ్రోనేట్ కిందటి నెల పెట్టాం, జ్వరం రాలేదు. ఈస్ట్రోజన్ యాభై దరిదాపుల దాకా నడపాలని ఉద్దేశం, ఆపైన ఎముక మందు మాత్రమే.

ఈ సీజన్లో ఆమె మళ్లీ తొడిమలు తీయడానికి వెళ్తోంది. ముందుకు వంగకుండా వీపు ఆనించుకునేలా గోడవారగా కూర్చుంటోంది, అరగంటకోసారి లేస్తోంది. గంపలు మాత్రం తల్లి ఎత్తుతోంది.